బుగ్గ వాపుతో డబ్బింగ్

ఆ రోజుల్లో హైదరాబాదులో నా ఈడు కుర్రాళ్లంతా కంప్యూటర్ నేర్చుకుని ఉద్యోగాల్లో చేరిపోతుంటే, నేను మాత్రం నా గొంతే నన్ను పోషిస్తుందని నమ్మి కృష్ణానగర్‌లో గది తీసుకున్నాను. (గొంతుకు పొరుగునే ఉన్న పళ్ల సంగతి ఏనాడూ పట్టించుకోలేదు.) సినిమాల్లో గుంపు అరుపులకు డబ్బింగ్ చెప్పుకునే నాకు, తెలుగు రాని ఒక బొంబాయి విలన్‌కు గొంతిచ్చే అవకాశం వచ్చింది. సరిగ్గా అప్పుడే కింది దవడ పన్ను సలిపి, బుగ్గ బూరెలా వాచింది. లవంగ నూనె రాసుకుని ఫిల్మ్‌నగర్ స్టూడియోకు వెళ్లి, నోరు సగమే తెరిచి మొదటి డైలాగు చెప్పాను. డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి, "అదేనయ్యా, ఆ ముద్ద గొంతే నాక్కావాలి. సినిమా అంతా ఇలాగే చెప్పు" అన్నారు. అంతవరకూ నన్నెవరూ అలా మెచ్చుకోలేదు.

సాయంత్రం నొప్పి ఆగక జూబ్లీహిల్స్‌లో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ఎక్స్‌రే మీద వేలు పెట్టి, "పన్ను పుచ్చి లోపల నరం సచ్చింది. ఆ పుచ్చుల ఉన్న బ్యాక్టీరియా వేరు కొస దాకా దిగింది. చిగుళ్ల సందుల గార కింద ఉన్న బ్యాక్టీరియా గూడ పన్ను పక్కపొంటి దిగింది. రెండూ గీడ కలిసినయ్. ఒక్క రూట్ కెనాల్ చేస్తే సరిపోదు, చిగుళ్లు గూడ సాఫ్ చెయ్యాలె. లేటైతే పన్ను దక్కదు" అంది. నేను మహా వినయంగా, "డబ్బింగ్ అయ్యేదాకా వాటిని అలాగే ఉంచే మార్గం ఏమైనా ఉందా మేడమ్?" అని అడిగాను. "బ్యాక్టీరియాను సాదుకుంటనన్న పేషెంటును ఇప్పుడే చూస్తున్న" అందావిడ. పన్నుకన్నా పాత్రే గొప్పదనుకుని కుర్చీ దిగి వచ్చేశాను.

మర్నాడు ఫైట్ సీను. తెర మీద హీరో విలన్ చెంప పగలగొట్టాడు. నేను పాత్రలో లీనమైపోయి నా చెంప నేనే కొట్టుకున్నాను, అదీ వాచిన వైపు. "అమ్మా" అన్న కేకకు సౌండు ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసేశాడు. ఆ దెబ్బకు చీముగడ్డ చితికి, తెల్లారేసరికి వాపు తీసేసింది. దాంతోపాటే ముద్ద గొంతూ పోయింది. బుగ్గలో దూది కుక్కుకుని ఎంత గింజుకున్నా, "నిన్నటి గొంతేదయ్యా?" అన్నారు డైరెక్టరుగారు. పాత్ర మొత్తం మరొకాయన మళ్లీ చెప్పాడు. అప్పుడు బుద్ధి వచ్చి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, వేరు చుట్టూ ఎముక కరిగిపోయిందని పన్ను పీకేసింది.

ఇప్పటికీ ఆ సినిమా టీవీలో వస్తే, ఫైట్ సీన్లో సౌండు పెంచుతాను. ఆ ఒక్క కేక మాత్రం నాదే ఉంచారు. "ఎంత సహజంగా అరిచారండీ" అంటుంది మా ఆవిడ నవ్వాపుకుంటూ. నా నాలుక దానంతటదే పన్ను లేని చోటికి పోతుంది. పిచ్చి కుర్రాడు, ఒక్క మెచ్చుకోలు కోసం పన్నిచ్చేశాడు. వాడంటే నాకు జాలి, కొంచెం అసూయ కూడా. దేనికోసమైనా అలా ఇచ్చేయాలని నాకు మళ్లీ ఎప్పుడూ అనిపించలేదు.