పెంటయ్య సరంగు రాశి

పార్థివ నామ సంవత్సరం. ధవళేశ్వరంలో కాలువ లాకుకి ఎదురుగా నేను పూటకూళ్ల ఇల్లు నడుపుతున్న రోజులు. భర్త పోయాక పుట్టింటి వాకిట్లో ఒకరు పెడితే తినడం ఇష్టంలేక సొంతంగా పొయ్యి పెట్టుకున్నాను. చదువంటారా, దొరసానమ్మల బడిలో కొన్నాళ్లు అక్షరాలు దిద్దాను. పెళ్లి కుదిరిందని మాన్పించారు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆ అక్షరాలు చాలు.

పూటకూళ్ల పనంటే వండి వడ్డించడమే అనుకుంటారు. కాదు. బీరకాయ తొక్కు పచ్చడిలోకి, గంజి పశువుల కుడితిలోకి, నిన్నటి మజ్జిగ ఇవాళ్టి పులుసులోకి వెళ్లాలి. ఏదీ పెంట మీదకి పోకూడదు. బియ్యం, కట్టెలు వేళకి రావాలి. అవి నాకు పెంటయ్య పడవ మీద వచ్చేవి.

పెంటయ్య సరంగు, అంటే పడవ నడిపే పెద్ద. లాకులో సరంగు పని చూస్తేగానీ తెలియదు. లాకంటే కాలువకి అడ్డంగా కట్టిన రెండు జతల తలుపులు. పడవ లోపలికి రాగానే తలుపులు మూసి నీళ్లు ఎక్కిస్తారు, లేదా దింపుతారు. అంతసేపూ మోకుని, అంటే లావుపాటి తాడుని, సరంగు ఒకసారి బిగించి ఒకసారి వదులుతూ ఆడిస్తుండాలి. లేకపోతే పడవ గోడకేసి కొట్టుకుంటుంది. పెంటయ్య మోకు పట్టుకుంటే పడవ పసిపిల్లలా ఊరుకునేది.

ఆ పేరు సంగతి కూడా చెప్పాలి. అతనికి ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కలేదు. ఇతను పుట్టగానే వాళ్లమ్మ చేటలో పడుకోబెట్టి పెంట మీద పెట్టించి, పక్కింటావిడ చేత తీయించి, చేరెడు తవుడు ఇచ్చి మళ్లీ కొనుక్కుంది. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అని మృత్యువు మోసపోవాలని ఆ పేరు పెట్టింది.

ఆ ఏడు వేసవిలో ఒక సిద్ధాంతి మా ఇంట భోజనానికి కుదిరాడు. తిన్నాక అరుగు మీద పంచాంగం విప్పుకుని కూచునేవాడు. కొత్తగా కాలువలొచ్చి, సర్కారు కచేరీలొచ్చి, కులవృత్తి వదిలి ఇంకో పనికి పోదామా అని ఊగిసలాడే జనం అప్పుడు బాగా ఉండేవారు. వాళ్లకి రాశి చూసి పని మార్చుకోవచ్చో లేదో చెప్పేవాడు. మేషం వాళ్లు ఉన్న పని విసిరికొట్టి ఆ తరవాత కొత్తది వెతుకుతారుట. వృషభం వాళ్లు మునిగేదాకా పాతదాన్నే పట్టుకు వేళ్లాడతారుట. మిథునం వాళ్లు రెండు పనుల్లో చెరో కాలూ పెట్టి రెంటినీ పాడుచేస్తారుట. సింహం వాళ్లు మరొకడి కింద ఇమడలేరుట. వడ్డిస్తూ రోజూ వినేదాన్ని. ఏ మాట ఏ రాశికి తగిలించినా ఎదుటివాడు తల ఊపేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ వేళకి తిని, విస్తరి శుభ్రంగా మడిచి లేచే మనిషిని కాదనలేక ఊరుకున్నాను.

ఒకరోజు పెంటయ్య పడవ ముక్కు లాకు తలుపుకి కొట్టుకుంది. లాకు సూపరింటెండెంటు, అంటే ఆ తలుపుల మీద అధికారి, నానా మాటలూ అన్నాడు. సాయంత్రం పెంటయ్య, కడుపుతో ఉన్న పెళ్లాం సూరమ్మని వెంటబెట్టుకుని అరుగు కిందకి వచ్చి నుంచున్నాడు.

"జాతకం ఉందా?" అన్నాడు సిద్ధాంతి.

"మాకెక్కడివండీ? పేరు పెంటయ్యండి."

"పేరు చాలు. మొదటి అక్షరం 'పె', అంటే చిత్తా నక్షత్రం, కన్యారాశి. కన్య భూతత్వం. నేల మీద బతకవలసినవాడివి నీళ్ల మీద తిరిగితే తలుపు తగలదూ? పడవ వదిలెయ్. సేద్యం చేసుకో. కన్యవాళ్లు చేసే తప్పల్లా ఆలోచిస్తూ ఆలస్యం చెయ్యడమే."

సూరమ్మ మెడ చాచి పంచాంగంలో బొమ్మ చూసింది. "బాబుగారండీ, ఈ కన్నెపిల్ల పడవలోనే నుంచుందేంటండీ?"

అరుగు మీద అందరూ నవ్వారు. సిద్ధాంతి తడుముకోలేదు. "దిగబోతోంది" అన్నాడు.

పెంటయ్య నవ్వలేదు. మర్నాడు కట్టెలు దింపుతుంటే పట్టుకుని అడిగాను.

"ఏరా, నిన్న పడవ ఎందుకు కొట్టుకుంది?"

"మోకు చివికిపోయిందండి. తెగిందండి."

"అయితే మోకు మార్చు. బతుకెందుకు మారుస్తావు?"

"ఆయ్, నేనూ అదే అనుకున్నానండి. కానీ సూరమ్మ ఉట్టి మనిషి కాదు కదండీ. ఆవిడా పడవలోనే ఉంటదండి. రేపేదైనా అయితే, చెప్పినా విన్లేదంటారండి."

భయపడ్డవాడికి బుద్ధి చెప్పడం తేలిక, ధైర్యం చెప్పడం కష్టం. పడవ అమ్మేశాడు. మండపేట దగ్గర కౌలుకి భూమి తీసుకున్నాడు. నీటి రంగు చూసి లోతు చెప్పే మనిషికి నారుమడిలో నీళ్లు ఎప్పుడు నిలపాలో, ఎప్పుడు తీసెయ్యాలో తెలియలేదు. నారు కుళ్లింది. పక్కరైతుల్ని అడిగి తెచ్చిన నారు ముదిరిపోయింది. పంట చేతికి రాలేదు. ఆసామి భూమి తీసేసుకుని ఇంకొకడికి ఇచ్చాడు. చంటిపిల్లని చంకనేసుకుని మొగుడూ పెళ్లాం ధవళేశ్వరం తిరిగొచ్చారు. పెంటయ్య లాకు దగ్గర బస్తాల కూలీ అయ్యాడు. తన పడవే వస్తే, అందులోని బస్తాలే మోసేవాడు. ఎండ ముదిరితే మా అరుగు చివర కాసేపు నడుం వాల్చేవాడు. నేనిచ్చే మజ్జిగ తాగి గిన్నె కడిగి బోర్లించేవాడు. పడవ మాట ఎత్తేవాడు కాదు.

మరుసటి వేసవికి సిద్ధాంతి మళ్లీ దిగాడు, ఏమీ ఎరగనట్టు. విస్తరి ముందు కూచున్నాడు. నేను అన్నం వడ్డించి గరిటె కింద పెట్టాను.

"సిద్ధాంతిగారూ, ఆ అరుగు చివర పడుకున్నవాడెవరో ఆనవాలు పట్టారా?"

"లేదమ్మా."

"మీరు పడవ మీంచి దింపేశారే, ఆ సరంగు. మృత్యువుని మోసం చెయ్యడానికి వాళ్లమ్మ పెట్టిన పేరు పెంటయ్య. ఆ దొంగపేరు పట్టుకుని అతని బతుకు లెక్క ఎలా కట్టారు? పెంటయ్య అనే పేరు ఎందుకు పెడతారో మీకు తెలియదా?"

ఆయనకి కోపం వచ్చింది. "శాస్త్రం తెలియకుండా మాట్లాడకమ్మా. ఎందుకు పెట్టారన్నది కాదు. నిద్రలో ఉన్నవాణ్ణి ఏ పేరు పెట్టి పిలిస్తే లేస్తాడో, అదే అతని పేరు."

"అయితే పిలవండి."

ఆయన గుమ్మంలోకి వచ్చి పిలిచాడు. "పెంటయ్యా!" కదల్లేదు. గొంతు పెంచాడు. "ఒరేయ్ పెంటయ్యా!" బస్తాలు మోసి అలిసిన ఒళ్లు. గురక కూడా ఆగలేదు.

ఇంతలో లాకులోకి ఏదో పడవ వచ్చింది. గట్టు మీంచి ఎవడో వాళ్ల సరంగుని కేకేశాడు. "సరంగూ, మోకూ!"

పెంటయ్య దిగ్గున లేచాడు. కళ్లు పూర్తిగా తెరవకుండానే అరుగు అంచున కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. విసిరిన తాడు అందుకునేవాడిలా రెండు చేతులూ ముందుకి చాచాడు. ఆ చేతుల్లోకి ఏమీ రాలేదు. కాసేపటికి మమ్మల్ని చూశాడు. సిగ్గుపడి చేతులు పంచెకి తుడుచుకున్నాడు.

సిద్ధాంతి అప్పుడైనా తల దించుకుంటాడనుకున్నాను. వేళ్ల కణుపులు లెక్కపెట్టాడు. "సరంగు అంటే 'స' అక్షరం, శతభిషం. కుంభరాశి. నీళ్లకుండ చేతబట్టినవాడి రాశి. ఓరీ, నీకు నీళ్లే కలిసొస్తాయిరా! పడవ వృత్తిలోకి తిరిగి వెళ్లు. ఏ ఢోకా లేదు."

పెంటయ్యకి కోపం రాలేదు. ఆ మెత్తదనం తలుచుకుంటే నాకిప్పటికీ రక్తం ఉడుకుతుంది. "ఆయ్, అలాగేనండి" అన్నాడు చేతులు కట్టుకుని. "మరి పడవేదండీ?"

సిద్ధాంతి పంచాంగం వైపు చూశాడు. అందులో పడవ మీద నుంచున్న పిల్ల ఉంది, అంతే.

నేను లోపలికి వెళ్లి ఆయన ముందు వేసిన విస్తరి ఎత్తేశాను. వడ్డించిన అన్నం నేలపాలు చేసే మనిషిని కాను. అదే విస్తరి తెచ్చి అరుగు చివర పెంటయ్య ముందు పెట్టాను. "అమ్మా, ఇది అపచారం!" అని సిద్ధాంతి అరుస్తూనే ఉన్నాడు. "నా అరుగు మీద పంచాంగం విప్పితే కాలవలో వేస్తాను, మీ మూట సర్దుకోండి" అన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను. ఆ తరవాత ఎంత పెద్దవాడొచ్చి బతిమాలినా, ఆ అరుగు మీద ఎవరి రాశీ చెప్పనివ్వలేదు.

పెంటయ్యకి మళ్లీ పడవ రాలేదు. చివరిదాకా బస్తాలే మోశాడు. నాకు తెలిసింది చిన్న సంగతి. పని మార్చుకోవాలని వచ్చి ఎవరైనా నన్ను అడిగితే, ఏ నక్షత్రంలో పుట్టావని నేను అడగను. మధ్యాహ్నం పడుకోమంటాను. నిద్రలో ఏ కేక వింటే నీ చేతులు వాటంతటవే లేస్తాయో చూసుకుని, అప్పుడు రమ్మంటాను.