బురద కాళ్లకు వచ్చిన స్టీలు గ్లాసు

ఈ ఉదయం వనపర్తిలో మా అమ్మాయి బడి పిల్లలు వీధి కాలువ పూడిక తీస్తుంటే, ఆ బురద వాసనకు నా కడుపు మళ్లీ మండింది.

మన ఏడో తరగతి శ్రమదానం గుర్తుందా, దోస్తులారా? దవాఖాన ముందు కాలువను నేనూ సుజాతా కలిసే తీశాం. బహుమతి ఇస్తారనగానే నేను బోరింగు దగ్గరికి పరుగెత్తి, కాళ్లూ చేతులూ శుభ్రంగా కడుక్కొని, రిబ్బన్లు సర్దుకొని వరసలో నిలబడ్డాను. సుజాత మోకాళ్ల దాకా బురదతోనే వచ్చింది.

"గీ పిల్లనే మస్తు కష్టపడ్డది," అంటూ సర్పంచి మెరిసే స్టీలు గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు. దానిమీద పేరు చెక్కించుకొని ఏడాదంతా బడికి తెచ్చింది మహాతల్లి!

ఇవాళా ఉత్తమ వాలంటీరుకు బహుమతి ఉందట. పని అయిపోగానే మా అమ్మాయి బడి లోపలి నల్లా వైపు నడిచింది.

"కడుక్కోకే! గట్లనే పోయి నిలబడు!" అని గేటు బయటి నుంచే అరిచాను.