పరదా వెనక పైరవీ

నా చిన్నప్పుడు పైరవీ అనే మాట పలకడానికి ఎవరూ సిగ్గుపడేవారు కాదు. అప్పటికి మాకు ఓట్లు లేవు. పెద్దవాళ్ల చెవిన మాట వేసే మనిషి ఉన్నవాడు బతికేవాడు, లేనివాడు తన్నులు తినేవాడు. ఇప్పుడు చదువుకున్నవాళ్లు దానికి పెద్దపెద్ద పేర్లు పెట్టి ఉపన్యాసాలిస్తుంటే నాకు నవ్వొస్తుంది. నేను దాన్ని ఏడేళ్ల వయసులోనే, మా నాయనమ్మ కొంగు పట్టుకుని చూశాను.

మాది మొయినాబాద్‌లో కిరాణా కొట్టు. యుద్ధం రోజులు. సర్కారు లెవీ పేరుతో రైతుల ఇళ్లలో గింజలు ఊడ్చుకుపోతోంది. మా కొట్లో జొన్నలు కూడా అట్లాగే పోయాయి. మా నాన్నను బాపు అనేవాళ్లం. ఒకనాడు బాపు పని మీద సురంగల్ వెళ్తూ నన్నూ బండెక్కించుకున్నాడు. మేము వెళ్లేసరికి ఒక రైతు వాకిట్లో లెవీ జవాన్లు ఉన్నారు. ఇంట్లో ధాన్యమంతా బండికెక్కింది. చివరికి బూడిద కలిపి, వేపాకు వేసి దాచిన విత్తనాల కుండను కూడా బయటికి తెచ్చారు. రైతు దాన్ని రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నాడు.

"నా పానం తీస్కపోండ్రి, ఇత్తునాలు మాత్రం ముట్టకుండ్రి" అన్నాడు. లాఠీతో పక్కటెముకల మీద పొడిచారు. ఎముక విరిగిన చప్పుడు నాకు బండి దాకా వినిపించింది. అడ్డం వచ్చిన అతని భార్యను భుజం మీద కొట్టారు. కుండ పగిలింది. గింజలను మట్టితో సహా ఎత్తి సంచిలో పోసుకున్నారు. బాపు ఊరుకోలేక, "ఇత్తునాలన్న ఇడిచిపెట్టుండ్రి సాబ్" అన్నాడు. చెంప మీద పడిన దెబ్బకు ఆయన చెవిలోంచి నెత్తురు కారింది. ఇద్దరినీ ఒకే తాడుకు కట్టి చేవెళ్లకు ఈడ్చుకుపోయారు. బండి తోలే ఆయన నన్ను ఇంటికి చేర్చాడు.

మా బాబాయి నలుగురిని వెంటేసుకుని గొడ్డళ్లు తీశాడు. నాయనమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది. "ముందుగాల నన్ను నరికి పోండ్రి. మీరు ఒక్కన్ని కొడితే వాండ్లు ఊరంత అంటువెడ్తరు" అంది. వాళ్లు గొడ్డళ్లు కింద పెట్టారు.

ఆమెకు వేరే దారి తెలుసు. ఆ జవాన్ల పైనున్న లెవీ అధికారి చేవెళ్లలో తల్లితో కాపురముండేవాడు. ఆ ముసలి బేగానికి మా నాయనమ్మ పెట్టే చింతకాయ పచ్చడంటే ప్రాణం. మగవాళ్లు అధికారి వాకిట్లో రోజుల తరబడి చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆడవాళ్లకు మాత్రం పక్కన జనానా గుమ్మం ఉండేది. అక్కడ పరదా లోపల చెప్పుకున్న మాట భోజనాల వేళకు కొడుకు చెవిన పడేది. ఈ కిటుకు వకీళ్లకన్నా నాయనమ్మకే బాగా తెలుసు.

తెల్లారి బండి కట్టించి, నన్నూ వెంటేసుకుని, ముందు సురంగల్ వెళ్లి రైతు భార్యను ఎక్కించుకుంది. సేద్యం చేసుకునేవాళ్లను ఆ గుమ్మం తొక్కనివ్వరు. అందుకని మా అమ్మ చీర ఆమెకు కట్టించి, తన కోడలని చెప్పాలనుకుంది. "నువ్వు నోరు తెరువకు బిడ్డా. నీ మాట ఇంటె ఎర్కవడ్తది. అంత నేనే మాట్లాడ్త" అని దారి పొడవునా చెప్పింది. ఆమె ఏదో అనబోయింది. నాయనమ్మ చెయ్యెత్తగానే తలూపి ఊరుకుంది. గుమ్మం దగ్గర జవాను ఆమె పగిలిన మడమలు చూసి, ఈమె ఎవరని వంగి నన్ను అడిగాడు. "మా చిన్నమ్మ" అన్నాను. నాకెవరూ నేర్పలేదు, ఆ భయంలో అదే వచ్చింది.

లోపల నాయనమ్మ పచ్చడి జాడీ పెట్టి, ముందు బేగం మోకాళ్ల నొప్పులు అడిగింది. ఆ తర్వాతే తన కొడుకు సంగతి ఎత్తింది. సాయంత్రానికి విడిపిస్తానంది బేగం. "ఇద్దరున్నరమ్మా" అంది నాయనమ్మ. రెండోవాడు సర్కారుకు ఎదురు తిరిగాడు, వాడి మాట నా దగ్గర ఎత్తకు అని బేగం మొహం తిప్పుకుంది. నాయనమ్మ లేచి రైతు భార్య భుజం మీది కొంగు లాగింది. చిట్లిన చర్మానికి బట్ట అతుక్కుపోయి ఉంది. లాగేసరికి మళ్లీ నెత్తురొచ్చింది. ఆమె పళ్లు బిగబట్టింది తప్ప మూలగలేదు. ఆడమనిషిని కొట్టారా, ముందు ఆ ఇద్దరినీ వదలండి అంటూ బేగం కొడుకును పరదా అవతలికి పిలిపించి చెడామడా తిట్టింది.

పొద్దు గూకక ముందే ఇద్దరినీ వదిలారు. బాపు నడిచి వచ్చాడు, ఆ చెవి మాత్రం ఇక వినపడలేదు. రైతును ఇద్దరు మోసుకొచ్చి మా బండిలో పడేశారు. దగ్గితే నోట్లోంచి నెత్తురు పడుతోంది. నాయనమ్మ గెలిచిన సంతోషంలో ఉంది. అప్పుడు రైతు అతికష్టం మీద కళ్లు తెరిచాడు.

"ఇత్తునాలు ఇస్తన్నరా అవ్వా?"

నాయనమ్మ ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. ఆ మనిషి ఎందుకు దెబ్బలు తిన్నాడో, సరిగ్గా ఆ సంగతే ఆమె అడగలేదు. వెనక్కి ఉరికింది. బేగం నమాజుకు లేచిందని జవాను అడ్డం నిలబడ్డాడు. బతిమాలుతూ లోపలికి చొరబడబోతే ఒక్క తోపు తోశాడు. ఆమె మెట్ల మీద బోర్లా పడింది, నుదురు చిట్లింది. ఆ తలుపు ఇక తెరవలేదు.

రైతు భార్య బండి దిగి వచ్చి నాయనమ్మను లేపింది. కొంగుతో నెత్తురు తుడుస్తూ మెల్లగా అంది.

"నన్ను మాట్లాడనిస్తే నేను ఇత్తునాలే అడుగుతుంటి గద అవ్వా."

రైతు వానలు పడకముందే చనిపోయాడు. వాళ్ల చేను బీడుపడింది. ఆమె పిల్లలను తీసుకుని పట్నం కూలికి వెళ్లిపోయింది. ఇద్దరిని విడిపించిన మహాతల్లి అని ఊళ్లో ఎవరైనా పొగిడితే నాయనమ్మ అక్కడి నుంచి లేచిపోయేది.

తర్వాత ఓట్లు వచ్చాయి. నాయకులు మా గుమ్మం తొక్కారు, మేమూ వాళ్ల గుమ్మాలు తొక్కాం. నేనూ ఎంతోమంది పనుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను. పైరవీ పాపమని నేననను. తలుపు దాకా వెళ్లగలిగినవాళ్లు వెళ్లాల్సిందే. కానీ ఎవరి పనైతే వాళ్లను వెంట తీసుకెళ్తాను. కుర్చీలో ఉన్నాయనతో "ఈమె చెప్తది, జర ఇనుండ్రి" అని పక్కకు జరుగుతాను. నాకు నోరెక్కువ, ఆ మాట మా ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. వాళ్లు తడబడుతుంటే, వాళ్లకన్నా నేనే బాగా చెప్పగలననిపించి మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేసి కూర్చుంటాను.