వడ్ల మీద చప్పుడు లేని బండి

బ్రేకు పట్టేసరికి నా సైకిలు ముందు చక్రం ఒకామె మడమకు జానెడు దూరంలో ఆగింది. ఆమె అరవలేదు. రోడ్డు మీద ఎండబోసిన వడ్లలో మెల్లగా కూలబడి, రెండు చెవులూ అరచేతులతో మూసి తెరిచి, మళ్లీ మూసి తెరిచి చూసుకుంది.

"సారూ, నీ బండి నిజంగనే చప్పుడు చేయదా? నాకే ఇనపడ్తలేదా?" అంది.

వనపర్తి నుంచి గోపాల్‌పేట పోయే దారిలో, యాసంగి వరి కోతలప్పుడు జరిగిందిది.

పత్రికలో ఉన్నన్నాళ్లూ నేను మోటారు సైకిలు దిగలేదు. ఆ పని మానేసి గోపాల్‌పేట గ్రంథాలయంలో చేరాక, ఒళ్లు కదలకపోతే కష్టమన్నాడు డాక్టరు. మోకాళ్లు మామూలు సైకిలును ఒప్పుకోలేదు. "ఎలక్ట్రిక్ స్కూటర్ తీస్కోండి సార్, తొక్కే పనే ఉండదు" అన్నాడు దుకాణదారు. నాకు కావలసింది తొక్కే పనే. పెడల్ తొక్కితేనే మోటారు తోడొచ్చే సైకిలు ఎంచుకున్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరో వీపున చేయి వేసి నెడుతున్నట్టుండేది. మొదటి వారం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను కూడా.

ఆ దారిలో కోతలైతే సగం రోడ్డు వడ్లదే. ఆడవాళ్లు పాదాలు ఈడుస్తూ వడ్లలో సాళ్లు తీస్తూ నడుస్తారు. వెనక్కి చూడరు. లారీయా, ఆటోనా, ట్రాక్టరా అన్నది చెవులే చెబుతాయి. చప్పుడును బట్టే ఎంత జరగాలో అంత జరుగుతారు. నా బండికి చప్పుడుండదు; పొద్దున్నే ఎవరినీ ఉలిక్కిపడేలా చేయడమెందుకని నేను బెల్లు కొట్టేవాణ్ణి కాదు. తప్పు నాదే.

ఆమె కోడలు నీళ్ల బిందెతో పరుగున వచ్చింది. "చూసిన్రా సారు! మా అత్తకు చెవులు పోయినయి. ఎనకనుంచి గాలి పోతది, మనిషి పోతడు, చప్పుడుండదు అంటది. రేపటికెల్లి రోడ్డు మీదికి రానియ్య."

"నీ నోరైతే మంచిగ ఇనపడ్తది తియ్" అంది అత్త. తర్వాత నాకేసి తిరిగి, గొంతు తగ్గించి, "ఇంట్ల కూసోబెడితే నేను బతుకుతనా సారూ?" అంది.

ఆ గాలి ఎవరిదో అర్థమై నా ప్రాణం తేలికపడింది. "ఆ పోయేది నేనే అక్కా. రోజూ పొద్దున ఈ బండి మీద పోతున్న. నీ చెవులకేం కాలేదు" అన్నాను.

ఆమె సైకిలును చక్రం నుంచి చక్రం దాకా చూసింది. "పొద్దున పోయేది నువ్వే గావచ్చు. మరి మిట్టపగలు పోయేదెవరు?"

మిట్టపగలు నేను గ్రంథాలయంలో ఉంటాను. ఆ చుట్టుపక్కల ఇలాంటి బండి ఇంకొకటి ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు.

మరుసటి వారం కోడలు ఆమెను వనపర్తి దవాఖానకు తీసుకుపోయింది. తిరిగొచ్చాక నన్ను ఆపి కాగితం చూపించింది అత్త. "చెవులు మంచిగున్నయట సారూ. పోయినయంటెనే నయముండె. ఇప్పుడు భయమైతుంది."

ఒక రోజు సెలవు పెట్టి, మధ్యాహ్నం ఆమెతోపాటు రోడ్డు పక్కన కూర్చున్నాను. బస్సు లేదు, పిట్ట లేదు. తారు మీద ఎండ వణుకుతోంది. ఆమె లేచి సాళ్లు తీస్తూ నడిచింది. సగం దూరంలో ఉన్నట్టుండి ఆగింది. కొంగు దగ్గరికి లాక్కుని రెండడుగులు ఎడమకు జరిగి, దారి ఇచ్చినట్టు నిలబడింది. నాకేమీ కనిపించలేదు. కాసేపటికి మళ్లీ నడిచింది.

"పోయిండా?" అన్నాను.

"పోయిండు."

దగ్గరికి వెళ్లి చూశాను. ఆమె దారి ఇచ్చిన చోట, పాదాల సాళ్ల పక్కనే వడ్లలో ఒక చక్రపు గీత ఉంది. నా టైరు వెడల్పు, గరుకు. ఇది సన్నగా, నున్నగా ఉంది. అది అప్పుడే పడిందా, పొద్దుటి నుంచే ఉందా అన్నది నేను ముందే చూసి పెట్టుకోలేదు. ఇన్నేళ్లు వార్తలు రాసినవాడు చేయకూడని పొరపాటది.

వడ్లు ఎత్తి మిల్లుకు పంపారు. వడ్లు లేకపోయినా ఆమె ఇప్పటికీ రోడ్డు మీదికి వస్తోంది. కోడలు వద్దనడం మానేసింది, కానీ మిట్టపగలు ఒంటరిగా వదలదు. ఆ గీత ఎవరి చక్రానిదో ఆ దారి వెంట ఉన్న ఊళ్లన్నిటిలో అడిగాను. ఎవరూ తమదనలేదు.