తూము మాస్టారి మొదటి ప్రశ్న

ఎంత గొప్ప ఊహాలోకాన్ని తెచ్చి ముందు పెట్టినా తూము మాస్టారు అడిగేది ఒకటే: "బాగుంది. మరి ఇక్కడ మురుగునీళ్ళు ఎటు పోతాయి?" ఆయనకా పేరు అందుకే వచ్చింది.

ఆయన ఎం.ఏ. వాళ్ళకి కల్పిత లోకాల సాహిత్యం చెప్పేవారు. అంతరిక్ష నౌకలు, మంత్రాల కోటలు, రెక్కల గుర్రాలు, అన్నీ సిలబసే. విభాగం మాత్రం కాలేజీ నేలమాళిగలో, కిటికీ లేని గదిలో ఉండేది. పైకప్పు కారుతుంటే బకెట్టు పెట్టుకుని, ఆ టపటపల మధ్యే గ్రహాల యుద్ధాల గురించి చర్చించుకునేవారు. ఆ ఏడాదితో విభాగం మూసేస్తున్నట్టు తలుపుకి నోటీసు అంటించారు. తడికి అది కూడా సగం ఊడి వేలాడుతుండేది.

"సార్, నా నవల్లో రాజుగారి కోట మేఘాల మీద ఉంటుంది."

"కింద ఎవరుంటారు?"

"రైతులు సార్."

"అయ్యో పాపం! గొడుగులున్నాయా వాళ్ళకి?"

ఇంకొకడు తెలివిగా మరమనుషుల గ్రహాన్ని ఎంచుకున్నాడు. "వాళ్ళు తినరు సార్, తాగరు సార్. మురుగే లేదు."

"చమురు మారుస్తారుగా నాయనా? పాత చమురు ఎక్కడ పారబోస్తారు?"

వాడు ఆ వారమంతా తల పట్టుకుని కూర్చున్నాడు.

ఆ చివరి బ్యాచ్‌లోనే గుసగుస ఉండేది. హాజరు పలకడం కూడా పక్కవాళ్ళకి వినపడదు కాబట్టి ఆ అమ్మాయికి ఆ పేరు స్థిరపడిపోయింది. చిన్నప్పుడు ఇలా ఉండేది కాదు. కొళాయిలు బాగుచేసే నాన్న వెంట పానాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ ఒకటే వాగుడు. నాన్న పోయాక మాటలు కూడా ఆయన వెంటే పోయాయి. మొదటి సెమినార్లో లేచి, నేల చూసి, కూర్చుంది. ఒక్కసారి మాత్రం క్యాంటీన్‌లో సింకు పొంగితే, పైపు ఎక్కడ పూడిందో, ఎటు వాలు పెట్టాలో క్యాంటీన్ అక్కకి గడగడా చెప్పేసింది. పక్కన టీ తాగుతున్న మాస్టారు అదంతా విన్నారు.

గుసగుస థీసిస్ సముద్రం అడుగున నగరాల కథల మీద. మాస్టారు మెట్ల మీద ఎదురైనా, బస్టాపులో కనిపించినా అదే ప్రశ్న. "అమ్మాయ్, మురుగు ఎటు పోతుందో తేలిందా?" మొదట్లో తల ఊపేది. తర్వాత ఒక మాట, పోనుపోను రెండు మాటలు. బస్సు వచ్చినా మాస్టారు ఎక్కనిచ్చేవారు కాదు. "పంపు ఆగిపోతే? అది చెప్పి ఎక్కు." మహానుభావుడికి మతి పోయిందని ఆమెకు గట్టి నమ్మకం కుదిరింది.

వైవా రోజు వాన. వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినరమ్మకి "ఇంకా?" అన్న ఒక్క మాటతో మనుషుల్ని ఏడిపిస్తుందని పేరు. ఈసారి తప్పితే మళ్ళీ రాయడానికి విభాగమే ఉండదు. మొదటి ప్రశ్న గైడు అడగడం ఆనవాయితీ, మర్యాద కోసం. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"మురుగునీళ్ళు ఎటు పోతాయి?"

ఎగ్జామినరమ్మ మొహం మాడిపోయింది. గుసగుస నోరు మాత్రం దానంతటదే తెరుచుకుంది.

"ఎటూ పోవండి. అక్కడ పల్లం ఉండదు, పైకి తోడాల్సిందే. ఆ తోడేవాళ్ళని ఏ కథా పట్టించుకోదు. నేను రాసింది వాళ్ళ గురించే."

"ఇంకా?"

చెప్పింది. మళ్ళీ "ఇంకా?" మళ్ళీ చెప్పింది. కాసేపటికి ఎగ్జామినరమ్మే కుర్చీ ముందుకి జరుపుకుని, "మరి పంపు ఆగిపోతేనో?" అంది ఆత్రంగా.

గుసగుస పాసైంది. వరండాలో పాత సీనియరు, ఇప్పుడు లైబ్రరీలో పనిచేసే ఆయన, సంగతంతా విని ఆశ్చర్యపోయాడు.

"మురుగేంటమ్మా? మా బ్యాచ్‌లో ఆయన్ని గడ్డి మాస్టారనేవాళ్ళం. ఏ కథ చెప్పినా, గుర్రానికి గడ్డి ఎవరు వేస్తారని ప్రాణం తీసేవాడు."

మురుగు ప్రశ్న మొదలైంది క్యాంటీన్‌లో సింకు పొంగిన తర్వాతేనని గుసగుసకి గుర్తొచ్చింది.

"అన్నా, మీ బ్యాచ్‌లో అస్సలు నోరు విప్పనివాళ్ళు ఎవరు?"

"ఇంకెవరు, నేనే. మాకు గుర్రబ్బండి ఉండేదిలే."

చెప్పాక ఆయన కూడా నుదురు కొట్టుకున్నాడు.

విభాగం మూసేశారు. నేలమాళిగలో విరిగిన బల్లలు పడేశారు. మాస్టారిని కామర్స్ మొదటి సంవత్సరం వాళ్ళకి ఉత్తరాలు రాయడం నేర్పమని పంపారు. సర్టిఫికెట్ కోసం వచ్చిన గుసగుసకి ఆ క్లాసులోంచి తెలిసిన గొంతు వినిపించింది.

"బ్యాంకు మేనేజరుకి ఉత్తరం, బాగుంది. మరి ఆ బ్యాంకులో పిల్లికి పాలెవరు పోస్తారు?"

క్లాసంతా గొల్లుమంది. గుసగుస కిటికీలోంచి వెనక బెంచీలు వెతికింది. మూలన ఒక పిల్ల, అప్పటిదాకా వంచుకున్న తల మెల్లగా ఎత్తుతోంది.