లత ఆడితే నెమ్మదించే చేపలు

పాత టేప్ రికార్డర్‌లో కంప్యూటర్ క్యాసెట్ పెడితే వచ్చే కీచుశబ్దం మీలో ఎవరికైనా గుర్తుందా? నిన్న మళ్లీ విన్నాను.

సూళ్లూరుపేటలో మా ఇంట్లో టీవీకి తగిలించుకునే చిన్న కంప్యూటర్ ఉండేది. రబ్బరు మీటలు, ముట్టుకుంటే చురుక్కుమనే అడాప్టర్. అందులో మా అక్క ఒక ఆట రాసి క్యాసెట్‌లో దాచింది. ముందు మన పేరు కొట్టాలి, తర్వాత పడవ నడుపుతూ చేపలు పట్టాలి. వీధి పిల్లలందరూ ఓడిపోయేవారు. నేను మాత్రం గెలిచేదాన్ని. ఆ గర్వంతోనే పెద్దయ్యాక ప్రోగ్రామర్‌నయ్యాను.

నిన్న ఆ క్యాసెట్‌ను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి డిస్‌అసెంబ్లర్‌తో తెరిచాను. యంత్రానికి మాత్రమే అర్థమయ్యే అంకెలను అది మనం చదవగలిగే ఆదేశాలుగా మారుస్తుంది. ఒకచోట ఆగిపోయాను. ఆడేవారి పేరు లత, అంటే నా పేరు, అయితే చేపల వేగం సగానికి తగ్గించమని ఉంది. నేనే తప్పుగా చదువుతున్నానేమోనని మూడుసార్లు చూశాను.

అక్కకు ఫోన్ చేశాను.

“అవును, నేనే పెట్టినా. ఓడిపోతే నువ్వు అన్నం తినేదానివి కాదు,” అంది.

“అయితే నేను ఒక్కసారి కూడా సొంతంగా గెలవలేదా అక్కా?”

“ఒకరోజు పేరు తప్పు కొట్టినావు. చేపలు మామూలు వేగంతోనే పోయినాయి. అయినా గెలిచినావు. నేనే బిత్తరపోయినా.”

ఆ రోజు నాకు అస్సలు గుర్తు రావడం లేదు. అది నిజంగా జరిగిందో, అక్క నన్ను ఇంకోసారి గెలిపించిందో తెలియడం లేదు.