దవడ కింద బిళ్ళ, మెడలో గొలుసు

నాకు ఓపిక తక్కువ. ముప్ఫయ్యేళ్ళుగా ప్రత్తిపాడులో పురుగుమందుల కొట్టు నడుపుతున్నవాడికి ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి ఎవరో ఒకరు మిరప కొమ్మ విరుచుకొచ్చి కౌంటరు మీద పడేస్తారు. "దీనికేదో తగిలింది, మందియ్యి" అంటారు. కొమ్మ సంగతి తర్వాత, ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను. ఎన్నాళ్ళ నుంచి? చేనంతా ఉందా, ఒక మూలే ఉందా? ఇప్పటిదాకా ఏం కొట్టావు? మూడోదానికి జవాబు వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. అప్పటికే నాలుగు రకాల మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టేసి ఉంటారు. అందులో ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. "అది చేనా, సాంబారు గిన్నా?" అని అరుస్తాను. వాళ్ళు నవ్వి, ఐదో మందు నా దగ్గరే కొనుక్కుని వెళ్తారు.

ఇంత పెద్దమనిషికి కిందటేడు మిరపకాయలు కళ్ళాల్లో ఎండుతున్న రోజుల్లో దవడ కింద బిళ్ళ కట్టింది.

గడ్డం గీసుకుంటుంటే చేతికి తగిలింది. కుడివైపు, దవడ ఎముక అంచు కింద. పత్తిగింజంత ఉంది. నొక్కితే నొప్పి పుట్టింది. నిజంగానే నొప్పా అని మళ్ళీ నొక్కాను. కాఫీ తాగి నొక్కాను, కొట్టుకు వెళ్ళి నొక్కాను, అన్నం తిని నొక్కాను. సాయంత్రానికి శనగగింజంత అయింది. నాలుగో రోజుకు రేగిపండంత అయిందని నేను కచ్చితంగా చెప్పగలను, ఎందుకంటే ఒక రేగిపండు తెచ్చి పక్కన పెట్టుకుని అద్దంలో చూశాను.

నవ్వుతారు గాని, నా భయం నాకుంది. మా పెదనాన్నకు మెడలో ఇలాగే ఒక గడ్డ లేచింది. సున్నం బెల్లం కలిపి పట్టు వేశారు, ఆకుపసర్లు పూశారు, తాయెత్తు కట్టారు. ఏడాది గడిచాక గుంటూరు తీసుకెళ్తే, ఇంతకాలం ఏం చేశారని డాక్టరు అడిగాడు. ఆ ఎండాకాలం దాటకుండానే ఆయన పోయాడు. ఆయన చుట్ట కాల్చేవాడు, నేను కాల్చను. కాని ముప్ఫయ్యేళ్ళు పురుగుమందుల వాసన పీల్చాను. కాబట్టి నాకు వచ్చింది అదేనని నేను మొదటిరోజే నిర్ణయించుకున్నాను. దాని పేరు మాత్రం మనసులో కూడా అనుకోలేదు. మా ఆవిడకు చెప్పకూడదని కూడా అనుకున్నాను.

మా ఆవిడ ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఒకటో తరగతి పిల్లలందరినీ ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదు. నేను ఆమె ముందు ఏదైనా దాచాలనుకోవడమే తెలివితక్కువ. అన్నం ముద్ద ఎడమ దవడకే ఎందుకు పోతోందో రెండు పూటలు చూసింది, మూడో పూట గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పింది.

"గవదబిళ్ళలండీ. మా స్కూల్లో ముగ్గురికి వచ్చాయి."

"నాకు యాభై ఆరేళ్ళు!"

"అయితే? బిళ్ళలకి మీ ఆధార్ కార్డు చూపిస్తారా?"

గవదబిళ్ళలు లేస్తే మెడలో బంగారు గొలుసు వేయడం మా వైపు ఆనవాయితీ. బంగారం తగిలితే వాపు లాగేస్తుందంటారు. ఇంతమంది పిల్లలకు చదువు చెప్పిన మనిషి, అక్కడికక్కడే తన మెడలో రెండుపేటల గొలుసు తీసి నా మెడలో వేసింది. అడుగున ఎర్రరాయి బిళ్ళ ఒకటి వేలాడుతూ ఉంటుంది దానికి. నేను వద్దంటే, "తగ్గేదాకా తియ్యొద్దు, స్నానానిక్కూడా" అంది. ఒకటో తరగతిలో కూర్చున్నట్టే కూర్చున్నాను.

చొక్కా పైగుండీ పెట్టుకుని కొట్టుకు వెళ్ళాను. ఫిబ్రవరి నెలాఖరు ఎండలో పైగుండీ పెట్టుకున్నవాణ్ణి ఎవరు వదులుతారు? నాతో ఒకటో తరగతి నుంచి చదివిన మిరప రైతు ఒకడున్నాడు. కాయ కోతలు మొదలైతే చేలో ఉండాల్సినవాడు నా కొట్టు బెంచీ మీద ఉంటాడు. వాడు వేలు పెట్టి గొలుసు పైకి లాగాడు.

"ఏరా, ఈ వయసులో పెళ్ళికొడుకువయ్యావేంటి?"

చెప్పక తప్పలేదు. వాడు నా బిళ్ళ నొక్కాడు. నేను కెవ్వుమన్నాను. తర్వాత, నా దానితో పోల్చి చూద్దామనుకున్నాడేమో, తన దవడ కింద వేలు పెట్టుకున్నాడు. వాడి మొహం మారిపోయింది.

"ఒరేయ్. నాక్కూడా ఉందిరా. రెండు వైపులా."

బెంచీ మీద ఇంకో ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. వాళ్ళూ దవడల కింద తడుముకున్నారు. వాళ్ళకీ ఉన్నాయి. ఒకాయన బోరు నీళ్ళ వల్లన్నాడు. ఇంకొకాయన మిర్చి ఘాటు గొంతులో దిగి గడ్డకట్టిందన్నాడు. నా స్నేహితుడు మాత్రం, "కాదురా, వీడి బెంచీ మీద కూర్చున్నందుకే, ఆ డబ్బాల గాలి" అని తేల్చేశాడు. అదే సమయంలో పత్తి చేలో దోమకు మందు కోసం వచ్చిన ఒకావిడ, నలుగురు మగవాళ్ళం మెడలు ఆకాశానికెత్తి దవడలు పిసుక్కుంటూ ఉండటం చూసి, గుమ్మంలో నుంచే వెనక్కి తిరిగి ఎదురుకొట్టుకు పోయింది.

నవ్వొచ్చింది గాని భయం పోలేదు. ఆ మధ్యాహ్నం పక్కనే ఉన్న మెడికల్ షాపుకు వెళ్ళి, "దీనికేదో మందియ్యి" అన్నాను. అచ్చం మా రైతుల గొంతుతోనే అన్నానని అప్పుడు తోచలేదు. అతను రెండు రకాల మాత్రలిచ్చాడు. ఇంట్లో మిగిలిపోయిన జ్వరం మాత్రలు కొన్ని ఉన్నాయి, అవీ వేసుకున్నాను. స్నేహితుడు చెప్పిన ఆయుర్వేదం గోలీలు మింగాను. పెదనాన్న సంగతి తెలిసి కూడా, సున్నం బెల్లం పట్టు వేశాను. సున్నం ఎక్కువై చర్మం కాలింది. ఇప్పుడు బిళ్ళ మీద బొబ్బ, బొబ్బ మీద గొలుసు. మూడో వారం నడుస్తున్నా బిళ్ళ తగ్గలేదు.

ఒక శనివారం మా ఆవిడ సెలవు పెట్టి నన్ను గుంటూరు బయల్దేరదీసింది. తన రెండు బిళ్ళలూ చూపించుకోవాలని స్నేహితుడు కూడా కారెక్కాడు.

డాక్టరమ్మది దర్శి దగ్గర పల్లెటూరు. వాళ్ళ నాన్న మిరప వేస్తాడట. కాగితం మీద నా వయసు రాసుకుని ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఎన్నాళ్ళ నుంచి ఉందండి?"

చెప్పాను.

"ఒక్క చోటేనా? చంకల్లో, గజ్జల్లో ఇంకెక్కడైనా ఉన్నాయా?"

లేవన్నాను. మూడో ప్రశ్న ఏమిటో నాకు అప్పటికే తెలిసిపోయింది.

"ఇప్పటిదాకా ఏం వాడారు?"

నేను ఫ్యాను వైపు చూశాను. మా ఆవిడ హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటీ చదివింది. మాత్రలు, గోలీలు, పట్టు, గొలుసు.

"అన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టేశారన్నమాట" అంది డాక్టరమ్మ. నా స్నేహితుడు పక్కన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈ మాట ఊరంతా తిరుగుతుందని నాకు అర్థమైంది.

ఆమె వేళ్ళతో బిళ్ళను అటూ ఇటూ కదిపి చూసింది, మెడంతా తడిమింది. తర్వాత నోరు తెరవమని టార్చి వేసింది. కింది వరసలో ఆఖరి పన్ను పుచ్చి, దాని కింద చీము చేరి ఉంది. ఆ పన్ను ఏడాదిగా సలుపుతూనే ఉంది. లవంగం పెట్టుకుని తిరుగుతున్నాను.

"ఈ బిళ్ళలు ఒంటికి కాపలావాళ్ళండీ" అంది. "దగ్గర్లో క్రిములు చేరితే వాటితో పోట్లాడి ఉబ్బుతాయి. దొంగ మీ పంట్లో ఉన్నాడు. మీరు మూడు వారాల నుంచి కాపలావాణ్ణి కొడుతున్నారు. రోజుకెన్నిసార్లు నొక్కుతున్నారు?"

"లెక్క లేదండీ" అంది మా ఆవిడ.

"నొక్కుతుంటే వాపెలా తీస్తుంది? అవి గవదబిళ్ళలు కూడా కాదమ్మా. గవదలు చెవి దగ్గర ఉబ్బుతాయి."

గొలుసు గురించి మాత్రం ఏమీ అనలేదు. మంచి పిల్ల.

మావాడి బిళ్ళలు చూసి అవి లాలాజలం ఊరే గ్రంథులని, అందరికీ ఉంటాయని, రెండువైపులా సమానంగా ఉన్నాయని చెప్పింది. వాడికి ఎంత నిరాశ కలిగిందో చెప్పలేను. అంత దూరం వచ్చి ఏ జబ్బూ లేకుండా వెళ్ళడం వాడికి అవమానంగా తోచింది.

లేవబోతుంటే నేను మనసులో ఉన్నది అడిగేశాను. "అమ్మా, అయితే ఇది అది కాదుగా?"

ఆమెకు అర్థమైంది. "ముందు పన్ను చూపించుకోండి. నెలకి తగ్గకపోతే మళ్ళీ రండి, పరీక్ష చేద్దాం. నాకు నొప్పి పెట్టే బిళ్ళంటే భయం తక్కువండీ, అది గోల చేసి మనిషిని నా దగ్గరికి తీసుకొస్తుంది. నొప్పి లేకుండా గట్టిగా ఉండి, వారాలు గడిచినా తగ్గకుండా పెరిగేదే చెప్పకుండా కూర్చుంటుంది. దాన్ని మనమే పట్టుకు రావాలి."

మా ఆవిడ పైట మెడచుట్టూ సర్దుకుంది. ఫ్యాను గాలికనుకున్నాను.

పన్ను పీకించాను. బతికిపోయానన్న సంతోషంలో ఆ వారం కొట్టుకు వచ్చిన రైతుల మీద ఒక్కసారి కూడా అరవలేదు. బిళ్ళ రేగిపండు నుంచి శనగగింజకు, శనగగింజ నుంచి పత్తిగింజకు దిగింది. ఒక ఆదివారం పొద్దున గొలుసు తీసి మా ఆవిడకిస్తూ, నేనే వేస్తానన్నాను. అద్దం ముందు నిలబడింది. కళ్ళజోడు లేకుండా ఆ చిన్న హుక్కు ఎక్కడ దొరుకుతుంది? మెడమీద వేళ్ళతో తడుముతున్నాను.

ఎడమవైపు ఏదో తగిలింది. ఒకటి కాదు. రెండు, పక్కపక్కనే అంటుకుపోయి, గట్టిగా ఉన్నాయి. మూడు వారాలు బిళ్ళ పట్టి చూసిన వేలు కదా, దానికి తెలిసిపోయింది.

"నొప్పా?"

"లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"దసరా సెలవుల నుంచి."

అద్దంలో ఆమే మాట్లాడింది. "అప్పుడు మిరపకు తామరపురుగు పట్టి మీకు కొట్లో ఒకటే గోల, అన్నం తినే తీరిక కూడా లేదు. పోన్లే, తర్వాత చెబుదామనుకునేసరికి మీకు బిళ్ళ లేచింది. ఒక ఇంట్లో రెండెందుకని ఊరుకున్నా."

"మొన్న డాక్టరమ్మ ముందు చెప్పొచ్చుగా!"

"ఆ మాట విన్నాకే చెప్పబుద్ధి కాలేదు. భయమేసింది."

మూడో ప్రశ్న నేను అడగలేదు. ఏమీ వాడలేదని తెలుసు. ఆ చలికాలమంతా ఆమె సాయంత్రాలు నలతగా ఉందంటే స్కూలు అలసటనుకున్నాను. జాకెట్లు వదులైతే, "సన్నబడ్డావు, బాగున్నావు" అని మెచ్చుకున్నాను. రోజూ నా గడ్డం పట్టుకుని వెలుతురులో చూసింది ఆమె. నేను ఆమె మెడకేసి ఒక్కరోజు చూడలేదు. పైగా ఆ మెడలోది తీసి నా మెడలో వేసుకుని తిరిగాను. నాకు నా మీద వచ్చినంత కోపం ఏ రైతు మీదా ఎప్పుడూ రాలేదు.

మర్నాడే గుంటూరు వెళ్ళాం. సూదితో బిళ్ళలోంచి కొంచెం తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా కొట్టు తెరవలేదు. మా స్నేహితుడు రోజూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. ఒక్క జోకు వేయలేదు, అది చూస్తే నాకు ఇంకా భయమేసింది.

టీబీ బిళ్ళలు. డాక్టరమ్మ ఆ మాట చెప్పి, ఆరు నెలలు మానకుండా మాత్రలు వేసుకుంటే నయమవుతుందంది. నేను భయపడ్డ జబ్బు కాదన్నది నాకెంత శుభవార్తో ఆమెకు తెలియదు. నేను వరండాలోకి వెళ్ళి గోడకేసి తిరిగి ఏడ్చాను. మా ఆవిడ బయటికొచ్చి, "స్కూలుకెప్పుడు వెళ్ళొచ్చో అడగకుండా వచ్చారేంటి?" అని మళ్ళీ లోపలికి పంపింది.

ఆరు నెలలూ పొద్దున్నే మాత్రలు చేతిలో పెట్టి, నోరు తెరిపించి చూసేవాణ్ణి. "పిల్లలకంటే నన్నెక్కువ సతాయిస్తున్నారు" అనేది. గొలుసు మాత్రం మందులు అయ్యాకే వేసుకుంటానని బీరువాలో పెట్టింది. అది గట్టి నిర్ణయమని నేనూ బలవంతం చేయలేదు.

మళ్ళీ మిరప నాట్లు పడుతున్న రోజుల్లో ఆఖరి మాత్ర అయింది. అన్నీ చూసి, ఇక మందు అక్కర్లేదంది డాక్టరమ్మ. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మా ఆవిడ గొలుసు నా చేతిలో పెట్టి అద్దం ముందు నిలబడింది. ఈసారి కళ్ళజోడు పెట్టుకున్నాను. ఎడమవైపు వేలికి పత్తిగింజంత తగిలింది. అంతమాత్రం మిగిలిపోవచ్చు, కంగారుపడొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది.

"నొక్కకండి" అంది మా ఆవిడ.

నేను నొక్కలేదు. వేలు అక్కడ ఊరికే ఆనించి ఉంచాను.

"హుక్కు పడిందా?"

"ఉండు, దొరకట్లా" అన్నాను.

హుక్కు ఎప్పుడో పడింది.